చేను దున్నే చెయ్యి, తోట పెంచే చెయ్యి: కర్మయోగంలో రెండు పాఠాలు

 

ఈ వారం వీడియోలో భగవద్గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం గురించి మాట్లాడుకున్నాం. కర్మ, ఫలితం అని మనందరికీ బాగా తెలిసిన శ్లోకమే. కానీ పన్నెండు నిమిషాల వీడియోలో పట్టని సంగతి ఒకటి మిగిలిపోయింది. దాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. వీడియో చూడనివాళ్లకి కూడా అర్థమయ్యేలాగే రాస్తాను.

ముందే చెప్పేస్తున్నాను, ఈ పోస్టు నేను చేసిన ఒక తప్పుతో మొదలవుతుంది.

నేనిచ్చిన ఉచిత సలహా

నేను వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మధురవాడలో అద్దెకుంటాను. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఏం తోచక, ఇంటి ఓనర్ ఆంటీని అడిగి మేడ మీద నాలుగు గ్రో బ్యాగులు పెట్టాను. ఇప్పుడవి నలభై దాటాయి. టమాటా, వంగ, బెండ, గోంగూర, ఒక మూల తులసి, ఒక మూల మల్లె. పొద్దున్నే స్టాండప్ కాల్‌కి ముందు అరగంట అక్కడే గడుపుతాను. మొదటి వంకాయ కాసిన రోజు ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను. "నేను కూడా రైతునే" అని రాశాను కూడా.

మా మావయ్య నిజమైన రైతు. చోడవరం దగ్గర పల్లెలో చెరకు వేస్తాడు. రెండేళ్ల క్రితం భాద్రపదంలో వానతో కలిసి వచ్చిన గాలికి ఆయన తోట సగానికి సగం నేలకి ఒరిగిపోయింది. పడిపోయిన చెరకుని అలాగే వదిలేస్తే ఎలకలు కొరికేస్తాయి, అడవి పందులు పడతాయి, రసంలో తీపి తగ్గిపోతుంది. కోతకి ఇంకా మూణ్ణాలుగు నెలలుంది. ఫోన్‌లో గొంతు నీరసంగా ఉంది. అప్పటికి నేను గీత క్లాసులు వింటున్న ఉత్సాహంలో ఉన్నాను.

"మావయ్యా, బాధపడకు. మన చేతిలో ఉన్నది పని చెయ్యడమే. ఫలితం ఆశించకూడదని గీతలో ఉంది కదా," అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తరవాత అడిగాడు.

"అల్లుడూ, నీ మేడ మీద టమాటాలు పోతే నువ్వేటి చేస్తావు?"

"ఏముంది, రైతుబజారుకెళ్లి కొనుక్కుంటాను."

"మరి నా చెరకు పోతే నేను ఏ బజారుకెళ్లాలి?"

ఫోన్ పెట్టేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పిన మాట తప్పా? లేక చెప్పిన మనిషి తప్పా?

ఇద్దరి చేతులకీ మట్టే, కానీ...

బయటినుంచి చూస్తే తోటమాలి, రైతు ఒకే పని చేస్తారు. మట్టి, విత్తనం, నీళ్లు, ఎండ. మన భాష కూడా ఈ గీతని గట్టిగా గియ్యదు. వరిని మడి అంటాం, చేను అంటాం. చెరకుని మాత్రం చెరకు తోట అంటాం. మామిడి తోట, అరటి తోట, కొబ్బరి తోట, ఇవన్నీ బతుకుతెరువు కోసం వేసినవే, అయినా తోటలే. ఈమధ్య మిద్దె తోట అనే మాట కూడా బాగా వినపడుతోంది. రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు దాన్ని ఊరూరా జనంలోకి తీసుకెళ్లారు.

మరి తేడా ఎక్కడుంది? నాకు మూడు కనిపించాయి.

ఒకటి, ఎవరి మీద ఆధారపడి పెంచుతున్నాం అన్నది. నా మొక్కలు నా జీతం మీద బతుకుతాయి. మావయ్య తన మొక్కల మీద బతుకుతాడు. నాకు ఒకటో తారీఖున డబ్బులు పడతాయి కాబట్టే టమాటాని ప్రేమించడం చాలా తేలిక.

రెండు, కాలం. నేను రోజూ చూసుకుంటాను, ఇవాళ పూత వచ్చిందా, ఆకు ముడుచుకుందా అని. మావయ్యకి ఏడాది ఒకటే యూనిట్. మాఘంలోనో ఫాల్గుణంలోనో ముచ్చెలు పాతితే, తిరిగి డబ్బు కనపడేది పది, పన్నెండు నెలల తరవాత. ఈ మధ్యలో ఎరువు, నీరు, కలుపు, కూలీ, అన్నీ అప్పు మీదే నడుస్తాయి.

మూడు, చూపు. తోటమాలి ఒక్కో మొక్కని చూస్తాడు. రైతు మొత్తం చేనుని చూస్తాడు. నేను ఒక వాడిపోయిన వంగ మొక్కని వారం రోజులు బుజ్జగించి బతికించుకున్నాను. రైతు అయితే దాన్ని పీకి పక్కన పడేస్తాడు, పక్క మొక్కకి తెగులు అంటకుండా. అది కఠినత్వం కాదు. ఒక మొక్క మీద జాలిపడితే చేనంతా పోతుందని తెలిసినవాడి జాలి అది.

మా నాన్న మామిడి చెట్టు

ఇక్కడ ఇంకో జ్ఞాపకం చెప్పాలి. నేను పెరిగింది ఉక్కునగరంలో. నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగి. క్వార్టర్ పెరట్లో ఆయన పెట్టిన మామిడి, కరివేపాకు, నందివర్ధనం ఉండేవి. షిఫ్ట్ నుంచి రాగానే బూట్లు విప్పకుండానే చెట్టు దగ్గరికి వెళ్లేవారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు ప్లాంట్‌కి శంకుస్థాపన చేశారు. అంతకుముందు అక్కడ పల్లెలు, పొలాలు ఉండేవి. మా పెరటి తోట ఒకప్పుడు ఎవరిదో చేను అయ్యుండొచ్చు అన్న సంగతి చిన్నప్పుడు నాకెప్పుడూ తట్టలేదు.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలి. వైజాగ్‌లో ఆ రోజు గుర్తులేనివాళ్లు ఉండరు. కైలాసగిరి పచ్చదనం అంతా ఒక్క పూటలో పోయింది. మా మామిడి చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ చెట్టు పోవడం వల్ల మా ఇంట్లో ఒక్క రూపాయి నష్టం లేదు, అయినా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అదే గాలికి మావయ్య తోట కూడా పడిపోయింది. ఫోన్లు కలిసేసరికి కొన్ని రోజులు పట్టింది. అప్పటికే ఆయన కూలీలని వెతుక్కుని, పడిన చెరకుని లేపించే పనిలో ఉన్నాడు. ఏడిచాడో లేదో నాకు తెలీదు. ఏడవడానికి టైమ్ ఉందో లేదో కూడా తెలీదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు అనుమానం వచ్చింది. ఫలితం అక్కర్లేని నాన్న అంతగా కుంగిపోయాడు. ఫలితం లేకపోతే గడవని మావయ్య లేచి పనిలోకి దిగాడు. అయితే ఇందులో నిష్కామ కర్మ ఎవరిది?

శ్లోకం నిజంగా ఏం చెబుతోంది?

2వ అధ్యాయం 47వ శ్లోకాన్ని మనం సాధారణంగా "పని చెయ్యి, ఫలితం ఆశించకు" అని ఒక్క ముక్కలో చెప్పేసుకుంటాం. జాగ్రత్తగా చూస్తే అందులో నాలుగు మాటలున్నాయి.

మొదటిది, నీకు అధికారం ఉన్నది కర్మ మీద. రెండోది, ఫలితం మీద ఎప్పుడూ అధికారం లేదు. మూడోది, ఫలితానికి నువ్వే కారణమని అనుకోకు. నాలుగోది, అలాగని పని మానెయ్యడం మీద ఇష్టం పెంచుకోకు.

గమనించారా? అక్కడ ఉన్నది అధికారం గురించి. నీకు ఫలితంతో అవసరం లేదు అని శ్రీకృష్ణుడు చెప్పలేదు. అవసరం వేరు, అధికారం వేరు. మావయ్యకి పంట అవసరం. పంట మీద తనకి అధికారం లేదని కూడా ఆయనకి నాకంటే బాగా తెలుసు, ఆకాశం ఏటేటా గుర్తు చేస్తూనే ఉంటుంది. అవసరం ఉన్నవాడి దగ్గరికెళ్లి "నీకు అవసరం ఉండకూడదు" అని చెప్పడమే నేను చేసిన తప్పు. శ్లోకాన్ని నేను సగమే చదివాను, అది కూడా ఎదుటివాడి కోసం చదివాను.

18వ అధ్యాయం 14వ శ్లోకం దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. ఏ పని పూర్తవ్వాలన్నా ఐదు కారణాలు కలవాలంటుంది. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. శంకరాచార్యుల వ్యాఖ్యలో అధిష్ఠానం అంటే శరీరం. అర్థం చేసుకోవడం కోసం నేను దీన్ని పొలానికి అన్వయిస్తున్నాను. అధిష్ఠానం నేల. కర్త రైతు. కరణాలు నాగలి, ట్రాక్టర్, మోటారు. చేష్ట దున్నడం, నాటడం, తవ్వడం. దైవం వాన, గాలి, ఎండ.

మా భాషలో చెప్పాలంటే ఒక ఫీచర్ పనిచెయ్యడానికి ఐదు డిపెండెన్సీలు. అందులో నేను రాసిన కోడ్ ఒక్కటే నాది. సర్వర్, నెట్‌వర్క్, వేరే టీమ్ వాళ్ల సర్వీస్, ఇవేవీ నా చేతిలో లేవు. అయినా రిలీజ్ సక్సెస్ అయితే "నేను చేశాను" అంటాను, ఫెయిల్ అయితే నాలుగు డిపెండెన్సీల పేర్లూ చెబుతాను!

నాగటిచాలులో సీత, తులసివనంలో గోద

మన పురాణాలు రైతునీ తోటమాలినీ ఎలా చూశాయో చూద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

జనక మహారాజు యజ్ఞం కోసం నేల దున్నుతుంటే నాగటిచాలులో పసిపాప దొరికింది. సీత అన్న మాటకే నాగటిచాలు అని అర్థం. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు, అంటే పెరియాళ్వార్, స్వామికి మాలలు కట్టడం కోసం తోట పెంచుతుంటే తులసివనంలో పసిపాప దొరికింది. ఆమే గోదాదేవి. ఒకరు నాగలి పట్టుకున్నప్పుడు, ఇంకొకరు పూలతోటలో ఉన్నప్పుడు, ఇద్దరికీ మట్టిలోంచి అమ్మవారే బిడ్డగా వచ్చింది. ఇద్దరూ ఆమె కోసం వెతకలేదు. ఇద్దరూ ఆమెని చివరికి ఆ స్వామికే ఇచ్చి పెళ్లి చేశారు. దొరికిన ఫలాన్ని తమ దగ్గరే ఉంచేసుకోలేదు.

ఇంకో విశేషం. గీత 3వ అధ్యాయం 20వ శ్లోకంలో కర్మతోనే సిద్ధి పొందినవాళ్లకి ఉదాహరణగా శ్రీకృష్ణుడు చెప్పిన పేరు జనకుడిదే.

గోదాదేవి కథని తెలుగులో "ఆముక్తమాల్యద"గా రాసింది శ్రీకృష్ణదేవరాయలు. కళింగ దండయాత్ర సమయంలో ఆయన మన సింహాచలం అప్పన్నని దర్శించుకున్నారు. ఆయన శాసనం గుడిలో ఉంది. పూలమాల కథ చెప్పే ఆ కావ్యంలోనే వానాకాలంలో రైతులు పడే అవస్థల వర్ణన కూడా ఉంటుంది. తోట గురించి రాస్తూ రాయలవారు చేనుని మర్చిపోలేదు.

గునపం చెప్పే పాఠం

తోటమాలికి వచ్చే చిక్కు ఏమిటో తిరుమలలో కనిపిస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు మహాద్వారం దగ్గర గోడకి ఉన్న గునపాన్ని చూడండి. అది అనంతాళ్వార్‌దని చెబుతారు.

రామానుజాచార్యుల శిష్యుడైన అనంతాళ్వార్, గురువు మాట మీద తిరుమల కొండ మీద పుష్పకైంకర్యం చెయ్యడానికి వెళ్లారు. పూలతోటకి నీళ్లు కావాలి కదా, భార్యతో కలిసి చెరువు తవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ నిండు గర్భిణి. మట్టి తట్టలు మొయ్యడానికి ఒక కుర్రాడు సాయం వస్తానంటే వద్దన్నారు. ఆ కుర్రాడు ఆయనకి తెలీకుండా ఆవిడకి సాయం చేశాడు. అది చూసి కోపంతో వెంటపడి గునపం విసిరితే, కుర్రాడి గడ్డానికి తగిలింది. తరవాత గుడిలో చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం! అందుకే ఈనాటికీ శ్రీవారి గడ్డానికి పచ్చకర్పూరం అద్దుతారని స్థలపురాణం.

చిన్నప్పుడు ఈ కథ భక్తి కథగా విన్నాను. ఇప్పుడు ఇంకోటి కనపడుతోంది. అనంతాళ్వార్‌కి పూల మీద ఆశ లేదు. జీతం లేదు, లాభం లేదు. కానీ "ఈ పని నాది, ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు" అన్న పట్టు ఉంది. ఫలితాన్ని వదిలేశారు, కర్తృత్వాన్ని వదల్లేకపోయారు. స్వామి స్వయంగా తట్ట మొయ్యడానికి వస్తే కూడా "నా పని" అడ్డొచ్చింది.

రైతుని కట్టిపడేసేది ఫలితం గురించిన భయం. తోటమాలిని కట్టిపడేసేది "నాది" అన్న ముచ్చట. మా నాన్న కన్నీళ్లు అందుకే. నా "మొదటి వంకాయ" ఫోటో కూడా అందుకే. ఎవరైనా నా మేడ మీదకొచ్చి అడక్కుండా ఒక బెండకాయ కోస్తే నాకు ఎంత చిరాకో మా ఓనర్ ఆంటీని అడగండి! ఆఫీసులో నా కోడ్‌కి ఎవరైనా రివ్యూలో పది కామెంట్లు పెడితే వచ్చే కోపం కూడా సరిగ్గా ఇదే.

శ్లోకంలో రెండో మాట, నాలుగో మాట మావయ్య రోజూ చేసి చూపిస్తున్నాడు. పంట తన చేతిలో లేదని తెలుసు, అయినా పని మానడు. నేను నేర్చుకోవాల్సింది మూడో మాట. గీతలోని పాఠం చెప్పడానికి నేను ఆయనకి ఫోన్ చేశాను, నిజానికి అది నేను నేర్చుకోవాల్సిన పాఠం.

జడ చుట్టిన ఆదివారం

ఆ ఫోన్ తరవాత వచ్చిన ఆదివారం సబ్బవరం మీదుగా చోడవరం బైక్ మీద వెళ్లాను. సారీ చెబుదామని. మావయ్య ఏం మాట్లాడలేదు, "వచ్చేవా, పద" అని తోటలోకి తీసుకెళ్లాడు.

చెరకు పడిపోకుండా మా వైపు జడ చుడతారు. చెరకుకే ఉన్న ఎండుటాకుని తాడులా పేని, పక్కపక్క దుబ్బులని కలిపి కడతారు. ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. చూడ్డానికి తేలిక. చెరకు ఆకు అంచు కత్తిలా ఉంటుంది, అరగంటలో నా చేతులన్నీ గీరుకుపోయాయి. పైగా నేను ఒక్కో దుబ్బునీ మెల్లగా లేపి, మట్టి దులిపి, ముద్దుగా కడుతున్నాను.

"అలా ఒక్కోదాన్నీ బుజ్జగిస్తే తోట ఎప్పటికవుతాదిరా? విరిగింది విరిగింది. నిలబడేదాన్ని నిలబెట్టు," అన్నాడు.

సాయంత్రానికి ఆయన నాలుగు సాళ్లు చేస్తే నేను ఒకటి కూడా పూర్తి చెయ్యలేదు. మధ్యలో అడిగాను, "ఇంత చేసినా మళ్లీ గాలొస్తే?" అని.

"వస్తే మళ్లీ కట్టాలి," అన్నాడు. అంతే. అందులో వేదాంతం ఏమీ లేనట్టు, టీ తాగడానికి గట్టు మీద కూర్చున్నాడు.

ఆ ఏడాది బెల్లం తక్కువే దిగింది. అనకాపల్లి మార్కెట్‌కి వెళ్లిన దిమ్మలు తక్కువ, అప్పు కొంత మిగిలింది. నేను ఒక్క రోజు జడ చుట్టినంత మాత్రాన అది తీరిపోలేదు, గీత చదివినా తీరదు. నరికిన మోళ్ల నుంచి మళ్లీ పిలకలు వచ్చాయి, దాన్ని కార్శి తోట అంటారు. ఆయన దానికి నీరు పెట్టాడు. నేను మాత్రం "నేను కూడా రైతునే" అని రాయడం మానేశాను.

మనం చెయ్యగలిగింది: ఈ వారం సాధన

గీత 3వ అధ్యాయం 12, 14 శ్లోకాలు మనలాంటి సిటీ వాళ్లకోసమే అనిపిస్తాయి. ప్రాణులకి అన్నం, అన్నానికి వాన, వానకి యజ్ఞం, యజ్ఞానికి కర్మ, ఇలా ఒక గొలుసు. ఈ గొలుసు నుంచి తీసుకుంటూ తిరిగి ఏమీ ఇవ్వనివాణ్ని శ్రీకృష్ణుడు దొంగ అంటాడు. గట్టి మాటే. మరి మనం ఏం ఇవ్వగలం?

1. రైతుబజారులో బేరం ఆపుదాం. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలని 1999 జనవరిలో మొదలైన బజార్లవి. ఎంవీపీ కాలనీకో సీతమ్మధారకో వెళ్లినప్పుడు కొత్తిమీర కట్ట ఊరికే వెయ్యమని అడగొద్దు. "ఏ ఊరు నుంచి వచ్చారండీ?" అని అడగండి. మీ అన్నానికి ఒక ఊరు పేరు తెలుస్తుంది.

2. మొదటిది ఇచ్చేద్దాం. 9వ అధ్యాయం 26వ శ్లోకంలో ఆకు, పువ్వు, పండు, నీళ్లు, వీటిలో ఏది భక్తితో ఇచ్చినా స్వీకరిస్తానని స్వామి చెప్పాడు. తులసి కుండీ ఒక్కటే ఉన్నా చాలు. మొదటి పువ్వు స్వామికి, మొదటి కాయ పక్కింటికి. ఫోటో తియ్యకుండా!

3. ఆఫీసు పనికి ఐదు కారణాలు రాద్దాం. ఈ వారం బాగా జరిగిన ఒక పని తీసుకుని, 18వ అధ్యాయంలోని ఐదూ కాగితం మీద రాయండి. మీ వాటా ఎంతో చూడండి. అప్రైజల్ భయం సగం, అహంకారం సగం అక్కడే తగ్గుతాయి.

4. నష్టపోయినవాళ్లకి శ్లోకం చెప్పొద్దు. ఇది నా తప్పులోంచి వచ్చిన నియమం. నిష్కామ కర్మ అనేది మనకి మనం చెప్పుకోవాల్సిన మాట. ఎదుటివాళ్ల పంట పోయినా, ఉద్యోగం పోయినా అడగాల్సిన మాట ఒక్కటే: "నేనేం చెయ్యను?"

వచ్చే వారం వీడియోలో 13వ అధ్యాయం మొదలుపెడదాం. అక్కడ ఈ శరీరాన్నే శ్రీకృష్ణుడు క్షేత్రం అంటాడు, అంటే పొలం. మనందరికీ ఒక పొలం ఉందన్నమాట, మేడ మీద కుండీలు లేకపోయినా. దానికి మనం రైతులమా, తోటమాలులమా? ఆలోచించి ఉంచండి.

ఈ ఆదివారం నేను చోడవరం వెళ్తున్నాను. మళ్లీ జడ చుట్టే సీజన్ వచ్చింది. ఈసారి ఫుల్ చేతుల చొక్కా వేసుకెళ్తున్నాను.

శ్రీకృష్ణార్పణమస్తు.